కాలువ గట్టు విందుశాలకు ఒక స్తోత్రం

తెనాలిలో ఆదివారం పొద్దున వంటింటి పొయ్యి ఆర్పించడం ఇంతకాలం ఎవరివల్లా కాలేదు. ఈ ఊరికి సంస్కర్తలు తక్కువేం కాదు. పురోహితుడి అవసరం లేకుండా తెలుగులో పెళ్లిళ్లు జరిపించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి ఇక్కడే మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేశారు. నాటకాలు ఆడినవాళ్లు, పత్రికలు నడిపినవాళ్లు, హేతువాదం బోధించినవాళ్లు వీధికొకరు పుట్టారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ పీట వాల్చుకుని ఇడ్లీ కోసం ఎదురుచూసినవాళ్లే. నువ్వొచ్చి ఆ పొయ్యి ఆర్పించావు. నెలకు ఒక్క ఆదివారమైనా, కొన్ని ఇళ్లలోనైనా ఆర్పించావు. అందుకు నీకు నమస్కారం. ఈ నమస్కారం మనస్ఫూర్తిగా పెడుతున్నదే.

రేపల్లె దాటి పెనుమూడి వారధి మీదుగా కృష్ణ అవతలి ఒడ్డుకు వెళితే, ఆ వైపున శ్రీకాకుళం అనే ఊరు ఉంది. అక్కడి ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం పొడుగునా పొగుడుతూనే నిలదీశాడు. నమ్మినవాడు కాబట్టి నిలదీశాడు. నిన్ను నేను పొగిడేది కూడా ఆ దారిలోనే. నీ గొప్పలన్నీ నిజం. అవి ఎవరి కష్టం మీద, ఎవరి లోటు మీద నిలబడ్డాయో ఆ లెక్క కూడా చెప్పకుండా వదలను.

ఆదివారం పదిన్నరకు తలుపు తీస్తావు, మూడింటికి మూస్తావు. టిఫినుకు పొద్దెక్కి, భోజనానికి ఇంకా పొద్దుండే ఆ వేళలో ఇడ్లీ దగ్గర్నుంచి బిర్యానీ దాకా ఒకే బల్ల మీదికి తెస్తావు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత ఇలాంటి భోజనం కావాలని ఒక పత్రికలో వాదించాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా సందడి చేసినవాళ్లను ఆదివారం పెందలాడే లేపకండి అన్నది ఆయన విన్నపం. ఆయన జాలి పడింది సుఖంగా తిరిగొచ్చినవాడి నిద్ర మీద. ఆ జాలి మా ఊళ్లో ఇంటి ఇల్లాలి దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది, అదీ నీ చేతుల మీదుగా.

ఇంట్లో ఆదివారం ఇడ్లీ అంటే శనివారం మధ్యాహ్నం మొదలయ్యే పని. గ్లాసుడు మినపగుళ్లు నానబోయాలి. సాయంత్రం రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి విడిగా నానబెట్టాలి. దీపాలు పెట్టాక గ్రైండరు వేసి, నీళ్లు చిలకరిస్తూ, పిండి వేలికి వెన్నలా తగిలేదాకా దాని పక్కనే నిలబడాలి. రవ్వను గుప్పిళ్లతో గట్టిగా పిండి అందులో కలిపి, పొంగడానికి చోటున్న గిన్నెలో పోసి మూతపెట్టి పడుకోవాలి. తెల్లవారాక ఒకరికి పల్లీల చట్నీ, ఒకరికి అల్లం పచ్చడి, ఇంకొకరికి కారప్పొడీ నెయ్యీ. ఆఖరి వాయి తన పళ్లెంలోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పదింటికి మాంసమో రొయ్యలో వస్తాయి, మసాలా నూరుకోవాలి. వారమంతా ఉద్యోగం చేసే కోడలికైనా, ఇంటిపట్టున ఉండే అత్తకైనా ఇదే ఆదివారం.

ఆ పని నుంచి ఆమెకు సెలవిచ్చింది నువ్వు. మొగుడు ఇవ్వలేదు, కొడుకు ఇవ్వలేదు. చదువుకున్నవాళ్లం, సభల్లో మాట్లాడేవాళ్లం, మేమెవరమూ ఇవ్వలేదు. నువ్వు వెలకట్టి అమ్మావు, మేం కొనిచ్చాం. కొనిచ్చి, ఆమె ఫోటో తీసి, ఆమెకేదో మేలు చేసినట్టు మురిసిపోయాం. మా ఇళ్లలో ఎవరూ గ్రైండరు ముందు నిలబడటం నేర్చుకోలేదు. జేబు బరువుగా ఉన్న నెలలో ఆమెకు సెలవుంటుంది, తేలికైన నెలలో ఉండదు. ఇంటికి వచ్చాక సోమవారానికి పప్పు నానబోసేది మళ్లీ ఆమే. నిన్ను పొగిడే ప్రతి మగవాడూ ఈ సంగతి ఎరిగే పొగడాలి.

ఇక నీ సంగతి. ఆదివారం పొద్దున ఏడింటికి నీ వెనక గుమ్మం తీసి ఉంటుంది. ముందు గుమ్మానికి బంతిపూల తోరణం, వెనక గుమ్మానికి నీళ్ల పైపు. ఆ వేళకు ఇద్దరు ఆడవాళ్లు కాలువ గట్టు వెంట నడిచి వచ్చి అక్కడ కూర్చుంటారు. ఒకామె ఉల్లిపాయలు తరుగుతుంది, ఒకామె రాత్రి మిగిలిన అండాలు తోముతుంది. వాళ్లింట్లోనూ ఆదివారమే, వాళ్లకూ పిల్లలున్నారు. మా ఇంటి పొయ్యి ఆరడానికి వాళ్లింటి పొయ్యి వెలగకుండా ఉండాల్సి వచ్చింది. దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని మన రాష్ట్రంలో 1988 నాటి చట్టం చెబుతోంది. ఆ ఇద్దరికీ ఏ రోజు సెలవు అని నీ మేనేజరును అడిగాను. "వాళ్లు రోజుకూలీకి వస్తారండీ, వాళ్లకు సెలవేముంటుంది" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు.

నీ రెండో గొప్ప కూర్చునే చోటు. దీన్ని తక్కువ చేసి చెప్పను. మూడు కాలువలు పారే ఊరు, ఆంధ్రా ప్యారిస్ అని పేరుపడ్డ ఊరు, అయినా ఇద్దరు ఆడపిల్లలు గంటసేపు నిశ్చింతగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇక్కడ చోటు కరువు. కాలువ గట్టు మీద కూర్చుంటే ఆగి చూసేవాళ్లుంటారు. గుళ్లో కూర్చుంటే తెలిసినవాళ్లు పలకరించి, ఇంటికి వెళ్లి కబురు చెబుతారు. టీ కొట్టు బల్లలు మగవాళ్లవి. నీ దగ్గర ఒక కాఫీ తీసుకుని కాలేజీ పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం చూశాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఒంటరిగా వచ్చి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా నెమ్మదిగా తిని వెళ్లడం చూశాను. ఇది చిన్న విషయం కాదు. ఊరు ఇవ్వాల్సిన చోటును నువ్విచ్చావు. ఆ చోటు ఇవ్వలేకపోయినందుకు ఊరు సిగ్గుపడాలి.

అయితే ఆదివారం వచ్చేసరికి ఆ చోటుకు గడియారం తగిలిస్తావు. బల్లకు గంటన్నర అని గాజు తలుపు మీద అట్ట కట్టావు. ఒక్క కాఫీతో కూర్చున్న పిల్లల దగ్గరికి బిల్లు పుస్తకం అడక్కుండానే వస్తుంది. కాలువ వైపు నిలువెత్తు గాజు పెట్టించి, దానికి కింద సగం అరటాకుల బొమ్మల స్టిక్కరు అంటించావు. అవతల నీళ్ల మీద తేలే సంచులు, మురుగు తినేవాళ్ల కంట పడకూడదని నీ ఆలోచన. ఆ తేలేవాటిలో మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, కాగితపు కప్పులు నీవి కూడా ఉన్నాయి. కొట్టుకొచ్చి గట్టున చిక్కుకున్న కప్పుల మీద నీ పేరు నేను చదివాను.

మూడోది నీ వంట. నీ వంటవాడి చేతిలో పస ఉంది. పెసరట్టు అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. అల్లం ముక్క పంటికి తగిలేలా తరుగుతాడు. వేయించిన చిట్టి ఇడ్లీలను కారప్పొడిలో దొర్లించి, వెదురు పుల్లలకు గుచ్చి ఇస్తే పిల్లలు పేచీ పెట్టకుండా తింటున్నారు. తల్లులకు అదెంత ఊరటో నాకు తెలుసు.

కానీ ఆ ఇడ్లీ ఎక్కడిదో ఒక్కచోటైనా చెప్పావా? ఈ డెల్టాలో వరి కోతకు ముందే, ఇంకా తడి ఆరని మాగాణిలో, నిలబడ్డ పైరు మధ్య మినుములు చల్లుతారు. వరి కోసుకుపోయాక మిగిలిన తేమకూ చలికాలపు మంచుకూ ఆ చేను పండుతుంది. ఆ మినుముల వల్లే తెనాలి మినపపప్పు మిల్లులకు పేరొచ్చింది. నీ అన్నంలో పడే సాంబ మసూరి బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టి, బీపీటీ 5204 అనే అంకెతో 1986లో బయటికొచ్చింది. బీపీటీ అంటేనే బాపట్ల. ఈ దేశంలో కోట్లమంది తినే సన్నబియ్యం నీకు ముప్పావుగంట ప్రయాణం దూరంలో తయారైంది. నీ మెనూ కార్డు మీద ఆ ఊరి పేరు లేదు. కొడగు నుంచో టాంజానియా నుంచో వచ్చిన అవకాడోకు మాత్రం ఒక పేరా నిండా పొగడ్త ఉంది, పక్కన బొమ్మ కూడా ఉంది. అవకాడో మీద నాకు కోపం లేదు, రుచిగానే ఉంది. మినుము చల్లినవాడికి ఒక్క వాక్యం దక్కకపోవడమే నాకు నచ్చనిది.

రొయ్యల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువుల్లో పెరిగే వనామీ మన సముద్రపు జాతి కాదు. అమెరికా ఖండపు పసిఫిక్ తీరం నుంచి వచ్చింది, 2009లో మన దేశంలో దాని సాగుకు అనుమతి దొరికింది. అప్పటి నుంచి రైతు బతుకంతా కౌంటు మీద నడుస్తోంది. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. రాత్రిళ్లు ఏరేటర్లు ఆగిపోతే నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి పంటంతా పోయినట్టే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద కొనుగోలుదారులు ధర తగ్గించి అడిగారు. ఆ రోజుల్లో నీ వెల్లుల్లి రొయ్యల పళ్లెం ధర రూపాయి తగ్గలేదు. పళ్లెంలో రొయ్యలు ఏడే, ముందూ ఏడే. ధర పెరిగితే కార్డు మీద కొత్త స్టిక్కరు అంటించడానికి నీకు ఒక్క పూట చాలు. తగ్గినప్పుడు ఆ స్టిక్కరు ఎందుకు దొరకదో చెప్పు.

నీ నాలుగో గొప్ప నీ దగ్గర వడ్డించే పిల్లలు. అందరికంటే మిన్న రేపల్లె అబ్బాయి. అతను తొలి బండికి భట్టిప్రోలు, వేమూరు మీదుగా వస్తాడు. ఆ రైలుమార్గం 1916 నాటిది, రేపల్లెతో ముగుస్తుంది. మా పెద్దమ్మను ఒక ఆదివారం నీ దగ్గరికి తీసుకొచ్చాం. ఆవిడ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతుంది, ఎవరు తప్పు రాసినా పట్టుకుంటుంది. నీ కార్డు చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పింది, కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. "మీరేం చెబితే అదే నాకూ" అని కార్డు బల్ల మీద బోర్లించింది. ఇంట్లో ఎవరేం తినాలో ఇన్నేళ్లూ చెప్పిన మనిషి ఆ మాట అనడం నాకు కష్టమనిపించింది.

ఆ అబ్బాయి చూశాడు. ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కార్డు మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పాడు. "ఇది మన దిబ్బరొట్టేనండీ మామ్మగారూ, మూకుట్లో కాల్చి ముక్కలు చేసి ఇస్తారు. తేనె పానకం బదులు పక్కన వెన్న పెడతారు. మీకు పానకం కావాలంటే లోపల అడిగి తెస్తాను" అన్నాడు. ఆవిడ మొహం విచ్చుకుంది. "ఆ ముక్క తెలుగులో రాస్తే నీకు ఈ అవస్థ ఎందుకు నాయనా" అంది. అతను నవ్వి, "నాదేముందండీ, అడుగుతాను" అన్నాడు. పానకం తెచ్చాడు కూడా.

అతను రోజూ దాటి వచ్చే భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే స్తూపం తవ్వితే ధాతుపేటికలు బయటపడ్డాయి. వాటి మీది రాత రెండువేల ఏళ్లు దాటినది. మన లిపికి పూర్వరూపాలు వెతికేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. అంత పాత అక్షరం పుట్టిన దారిలో నిలబడి, తెనాలిలో తెనాలివాళ్లకు అమ్మే తిండి జాబితాలో తెలుగుకు చోటు లేకుండా చేయడం నీకు తగదు. చదవలేని మనిషి వచ్చిన ప్రతిసారీ ఆ పిల్లాడు మోకాళ్ల మీద కూర్చోవాలి. అతని మర్యాదే నీ కార్డు పరువు కాపాడుతోంది. ఆ మర్యాదను నీ ఖాతాలో వేసుకుని నిన్ను పొగుడుతున్నాం.

అతను ఎప్పుడు తింటాడని అడిగాను. "జనం తగ్గాకండీ, నాలుగింటికి" అన్నాడు. తొలి బండికి ఖాళీ కడుపుతో ఎక్కినవాడు, పూటంతా నెయ్యి వాసన మధ్య పళ్లేలు మోసి, నాలుగింటికి తింటాడు.

బిల్లు కూడా చక్కగా ఇస్తావు. జీఎస్టీ 5 శాతం విడిగా, స్పష్టంగా చూపిస్తావు. దాని పైన ఇంకో వరస, సర్వీస్ ఛార్జీ. అది మనం ఇష్టపడితే ఇచ్చేదే తప్ప బిల్లులో దానంతటదే చేర్చకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటను సమర్థించింది. తీసెయ్యమని అడిగితే తీసేస్తావు, పేచీ పెట్టవు, అది ఒప్పుకుంటాను. అడగనివాళ్ల దగ్గర పుచ్చుకుంటున్నావు. అడగనివాళ్లు ఎందుకు ఊరుకుంటున్నారు? ఆ డబ్బు మోకాళ్ల మీద కూర్చున్న పిల్లాడికి వెళుతుందనుకుని. వెళుతోందా అని అతన్నే అడిగాను. అలాంటిదొకటి ఉందని అతనికి తెలియదు.

నీ ముచ్చట చూసి మిగతా ఊళ్లూ కదిలాయి. బాపట్ల నుంచి సూర్యలంక బీచికి వెళ్లే దారిలో శని, ఆదివారాలు గుంటూరు కార్లు, విజయవాడ కార్లు, హైదరాబాదు కార్లు బారులు తీరుతున్నాయి. అక్కడా పదిన్నరకు బల్లలు పరుస్తున్నారు. రేపల్లెలోనూ పసుపు దీపాలు, చెక్క కుర్చీలు వచ్చాయి. ఊళ్లో తినడానికి మంచి చోటు ఉండటం సంతోషమే, పట్నం వెళ్లక్కర్లేదు. వాళ్లు నిన్ను చూసి దీపాలు నేర్చుకున్నారు. వెనక గుమ్మాన్ని కూడా నిన్ను చూసే నేర్చుకుంటారు కాబట్టే ఇంత చెబుతున్నాను.

ఒక గొప్ప మిగిలింది. నీ గుమ్మంలో ఎవరి కులమూ అడగవు. ఇది ఈ కాలపు పిల్లలకు మామూలుగా తోచవచ్చు. ఒకప్పుడు మన ఊళ్లలో కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది, గుమ్మం దాటనివ్వని మనుషులుండేవాళ్లు. ఇప్పుడు నీ బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కనైనా కూర్చుంటున్నారు. ఈ మెప్పుకు నువ్వు పూర్తిగా తగినదానివి. అయితే తర్వాత ధర చూస్తాను. నలుగురు తిన్న బిల్లు ఆ వెనక గుమ్మం దగ్గర అండాలు తోమే మనిషి వారం కూలిని మించుతుంది. ఆమె నీ ముందు గుమ్మంలోంచి లోపలికి రాకుండా ఎవరూ ఆపలేదు, ఆపాల్సిన అవసరమే రాదు.

బాపట్ల దగ్గర జిల్లెళ్లమూడి అనే పల్లె ఉంది. అక్కడ అనసూయమ్మగారు, అందరూ అమ్మ అని పిలిచే మనిషి, 1958లో అన్నపూర్ణాలయం అని ఒక వంటశాల మొదలుపెట్టారు. వచ్చినవాడు ఎవరో, ఎందుకొచ్చాడో అడక్కుండా పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆకలే అర్హత అన్నది అక్కడి పద్ధతి. ఆ పొయ్యి ఈనాటికీ వెలుగుతోంది. నువ్వు వ్యాపారం చేసేదానివి, ధర్మసత్రం నడపమని నేను అడగను. వంటకు వెల ఉండాలి, వంటవాడికి జీతం ఉండాలి, నీకు లాభం ఉండాలి. అయితే ఈ నేల మీద అన్నం పెట్టడానికి అలాంటి కొలత ఒకటి ఉందని తెలిసినవాళ్లం మేం. ఆ కొలతతో నిన్ను చూడకుండా ఎలా ఉంటాం?

అందుకే అడుగుతున్నాను. కార్డు మీద తెలుగు వెయ్యి, అక్షరాలు పెద్దవిగా వెయ్యి. బియ్యం బాపట్లదని, పప్పు తెనాలిదని, రొయ్య రేపల్లెదని రాయి. బిల్లులో ఆ అదనపు వరస తీసెయ్యి, లేదా అది ఎవరి చేతికి వెళుతోందో నీ గోడ మీద రాసి పెట్టు. తోమే మనిషికి వారంలో ఒక రోజు కూలి నష్టం లేకుండా సెలవివ్వు. కాలువ వైపు స్టిక్కరు పీకి, ముందు నీ కప్పులు అందులో పడకుండా చూడు. ఇవేవీ నీ లాభాన్ని మింగేసేవి కావు.

ఇళ్లలో ఉన్న అన్నదమ్ములకు కూడా ఒక మాట. శనివారం మధ్యాహ్నం గ్లాసుడు మినపగుళ్లు మీరు నానబోయండి. కొలత పైన చెప్పాను, గ్లాసుకు రెండు గ్లాసుల రవ్వ. హోటలుకు వెళ్లే ఆదివారం వెళ్లండి, మిగిలిన మూడు ఆదివారాలు ఆమెను కూర్చోబెట్టి మొదటి వాయి ఆమెకు పెట్టండి.

నీకు మాత్రం ఒక్కటి తొందరగా చెయ్యమని వేడుకుంటున్నాను, మిగతావి నెమ్మదిగా చేసినా సరే. వచ్చే ఆదివారం ముందు తలుపు తీయకముందే, పదింటికి, నీ దగ్గర వడ్డించే పిల్లలందరినీ కూర్చోబెట్టి కడుపునిండా టిఫిను పెట్టు.